ప్యాకెట్లకు ఏఈఎస్ ఉంది కదా, టైం సింక్ కూడా సేఫేనా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు. బెంగళూరు పీణ్యలో ఒక ఫ్యాక్టరీ షెడ్డులో మోటార్ల వైబ్రేషన్ కొలిచే 40 వైర్‌లెస్ నోడ్లు పెడుతున్నారు. 802.15.4 ప్రమాణం రేడియో, 2.4 గిగాహెర్ట్జ్, గేట్‌వే నుంచి చివరి నోడ్ దాకా మూడు హాప్‌లు (నోడ్ నుంచి నోడ్‌కు గెంతులు). గేట్‌వే ప్రతి 10 సెకన్లకు ఒక టైం బీకన్ వదులుతుంది, నోడ్లు దాన్ని ఒకదాని నుంచి ఒకటి అందుకుని ముందుకు పంపుతాయి. నెట్‌వర్క్ మొత్తానికి ఒకటే ఏఈఎస్-128 ఎన్‌క్రిప్షన్ కీ. ఏ రెండు నోడ్ల గడియారాల మధ్యా తేడా 1 మిల్లీసెకను దాటకూడదు. కస్టమర్ వైపు సెక్యూరిటీ టీమ్ "మీ టైంను ఎవరైనా తప్పుదోవ పట్టిస్తే ఎలా?" అని అడిగింది. ప్యాకెట్లన్నీ ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తున్నాయని చెబితే సరిపోతుందా, లేక ప్రతి నోడ్‌కూ జీపీఎస్ పెట్టాలా అని మీరు అడుగుతున్నారు.

సరిపోదు. జీపీఎస్ కూడా అక్కర్లేదు. బీకన్ వినేసి గడియారం దిద్దుకోవడం మానేసి, ప్రతి నోడూ గేట్‌వే వైపు తనకు పైనున్న పేరెంట్ నోడ్‌తో ప్రశ్న-జవాబు పద్ధతిలో సింక్ అవ్వాలి. ప్యాకెట్ పోయి రావడానికి పట్టిన సమయాన్ని కొలిచి, అది హద్దు దాటితే ఆ రౌండ్‌ను పారేయాలి. అందరికీ ఒకే కీ బదులు జతకో కీ ఉండాలి. గడియారం ఒక్క రౌండ్‌లో ఎంత జరగొచ్చో దానికీ హద్దు పెట్టాలి. ఇవన్నీ ఫర్మ్‌వేర్‌లో అయ్యే పనులే, బోర్డు మార్చనక్కర్లేదు. ఎందుకో చెబుతాను, కొంచెం ఓపిగ్గా చదవండి. ఇలాంటి ప్రశ్న ముందే అడిగే కస్టమర్ దొరకడం అదృష్టం. చాలామంది ఇన్‌స్టాల్ అంతా అయ్యాక అడుగుతారు.

ఏఈఎస్ దేన్ని కాపాడదు?

ఏఈఎస్-సీసీఎం (802.15.4లో ఏఈఎస్ వాడే పద్ధతి) మీకిచ్చే హామీలు రెండు. లోపలున్నది బయటివాళ్లు చదవలేరు, మధ్యలో ఎవరూ మార్చలేరు. ప్యాకెట్ ఎంతసేపటికి చేరింది అన్నదానికి అందులో హామీ లేదు. మామూలు డేటాకు అదేమీ పెద్ద లోటు కాదు. బేరింగ్ టెంపరేచర్ 3 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తే కొంప మునిగేదేమీ లేదు. టైం ప్యాకెట్ సంగతి వేరు. "ఇప్పుడు సరిగ్గా పదిన్నర" అని రాసి సీలు వేసిన కవరు రెండు గంటలు ఆలస్యంగా అందిందనుకోండి. సీలు చెక్కుచెదరలేదు, రాసినవాడు అబద్ధమాడలేదు, అయినా అది చూసి వాచీ దిద్దుకున్నవాడు రెండు గంటలు వెనకబడ్డాడు.

రేడియోలో ఇలా చేయడాన్ని పల్స్-డిలే దాడి అంటారు. సౌరభ్ గనేరివాల్, మణి శ్రీవాస్తవ తదితరులు 2005లో సెన్సర్ నెట్‌వర్క్‌ల సురక్షిత టైం సింక్ మీద రాసిన పేపర్‌లో దీన్నీ, దీనికి విరుగుడునీ వివరించారు. దాడి చేసేవాడికి మీ కీ తెలియనక్కర్లేదు. బీకన్ వచ్చే క్షణంలో అందుకోవాల్సిన నోడ్ దగ్గర జామ్ చేస్తాడు. అదే సమయంలో, పంపే నోడ్‌కు దగ్గరగా పెట్టిన ఇంకో రేడియోతో ఆ ప్యాకెట్‌ను రికార్డు చేసుకుంటాడు. జామింగ్ ఆపి, రికార్డు చేసినదాన్ని ఉన్నదున్నట్టు వదులుతాడు. అంతే. మీ నోడ్‌కు సీక్వెన్స్ నంబరు కొత్తగానే కనిపిస్తుంది, చివరనున్న ఎంఐసీ (ప్యాకెట్ మారలేదని చూపే కోడ్) కూడా సరిపోతుంది.

ఇక్కడ చాలామంది "మాకు రీప్లే కౌంటర్ ఉంది కదా" అంటారు. కౌంటర్ రెండోసారి వచ్చిన ప్యాకెట్‌ను పట్టుకుంటుంది. ఈ దాడిలో మొదటిసారి వచ్చింది అసలు చేరనే లేదు, కాబట్టి నోడ్ దృష్టిలో ఇదే మొదటిది.

లెక్క చూద్దాం

ప్రశ్న-జవాబు పద్ధతి కొత్తదేమీ కాదు. ఎన్‌టీపీ (ఇంటర్నెట్‌లో టైం పంచే ప్రోటోకాల్) మొదటినుంచీ చేసేది ఇదే, 2003లో వచ్చిన టీపీఎస్‌ఎన్ ప్రోటోకాల్ దీన్నే సెన్సర్ నోడ్లకు తెచ్చింది. నోడ్ 'ఎ' ప్రశ్న పంపిన క్షణం తన గడియారంలో టీ1. 'బి' అందుకున్న క్షణం బి గడియారంలో టీ2. బి జవాబు పంపింది టీ3కి, ఎ అందుకున్నది టీ4కి. వెళ్లే దారి లెక్క టీ2−టీ1, వచ్చే దారి లెక్క టీ4−టీ3. మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి సగం చేస్తే రెండు గడియారాల మధ్య తేడా, అంటే ఆఫ్‌సెట్. రెండూ కలిపి సగం చేస్తే ఒక వైపు ప్రయాణానికి పట్టిన డిలే.

ఇప్పుడు మైక్రోసెకన్లలో అంకెలు వేద్దాం. బి గడియారం ఎ కన్నా 500 ముందుంది, అసలు డిలే 30. టీ1 = 1000, టీ2 = 1530, టీ3 = 1930, టీ4 = 1460. వెళ్లే లెక్క 530, వచ్చే లెక్క −470. ఆఫ్‌సెట్ 500, డిలే 30. రెండూ నిజాలే.

దాడి చేసేవాడు వెళ్లే ప్యాకెట్‌ను 4000 ఆపాడనుకోండి. టీ2 = 5530, టీ3 = 5930, టీ4 = 5460 అవుతాయి. ఆఫ్‌సెట్ 2500గా తేలుతుంది, అంటే 2 మిల్లీసెకన్ల తప్పు. మీ 1 మిల్లీసెకను హద్దు అక్కడే పోయింది. కానీ డిలే ఎంత వచ్చిందో చూడండి: 2030. మామూలుగా 30 ఉండేది ఒక్కసారి 2030 అయిందంటే అది దాక్కునే తేడా కాదు. డిలే హద్దు దాటింది, రౌండ్ పారేయి అని ఒక్క 'ఇఫ్' రాస్తే దాడి వృథా.

అసలు విషయం ఇంకోటుంది. వాడు ప్యాకెట్‌ను ఎంత ఆపినా ఆఫ్‌సెట్‌లో ఎంత తప్పు వస్తుందో డిలే సరిగ్గా అంతే పెరుగుతుంది. కాబట్టి మీరు అసలు డిలే మీద 20 మైక్రోసెకన్ల వెసులుబాటు ఇస్తే, వాడు కనపడకుండా తేగలిగిన తప్పు ఒక హాప్‌కు 20 మించదు. మూడు హాప్‌లకు 60. సెక్యూరిటీ టీమ్‌కు మీరు రాసివ్వాల్సిన వాక్యం ఇదే: బయటివాడు ప్యాకెట్లను ఎంత ఆలస్యం చేసినా దొరక్కుండా తేగల తప్పు గేట్‌వేతో పోలిస్తే 60 మైక్రోసెకన్లు, వేరు దారుల్లోని రెండు నోడ్ల మధ్య చూసినా 120, మన హద్దు 1000. "ఏఈఎస్-128 వాడుతున్నాం" అనే వాక్యం కన్నా దీనికి విలువ ఎక్కువ.

వన్-వే బీకన్‌లో ఈ లెక్క వేయడానికే వీల్లేదు. టీ1, టీ2 మాత్రమే ఉంటాయి. గడియారం తేడా ఎంతో, ఆలస్యం ఎంతో విడదీయడానికి ఆధారం లేదు. మీరు పెట్టిన పద్ధతి 2004లో వచ్చిన ఎఫ్‌టీఎస్‌పీకి దగ్గరగా ఉంది. ఎవరూ చెడగొట్టని చోట అది చాలా మంచి ప్రోటోకాల్, మైక్రోసెకన్ల స్థాయిలో పనిచేస్తుంది. అయితే చెడగొట్టేవాడిని దృష్టిలో పెట్టుకుని తయారుచేసింది కాదు. పైగా అందులో రూట్ నోడ్‌ను (అందరికీ టైం ఇచ్చేదాన్ని) అతి చిన్న ఐడీని బట్టి ఎన్నుకుంటారు. కీ చేతికొచ్చినవాడు 0 ఐడీతో బీకన్ వదిలితే ఆ క్షణం నుంచి నెట్‌వర్క్‌కు వాడిదే టైం. మీకు గేట్‌వే ఎలాగూ ఒక్కటే కాబట్టి ఆ ఎన్నిక కోడ్ మొత్తం తీసేయండి.

హద్దు ఎంత పెట్టాలి?

పనంతా ఇక్కడే ఉంటుంది. డిలేలో గాలిలో ప్రయాణం వాటా దాదాపు సున్నా. రేడియో తరంగం 300 మీటర్లు పోవడానికి 1 మైక్రోసెకను, మీ షెడ్డు అంత పొడవు కూడా ఉండదు. మిగిలింది రేడియో లోపలి ఆలస్యం, టైంస్టాంప్ తీసే చోటు. అప్లికేషన్ కోడ్‌లో టైంస్టాంప్ తీస్తే ఛానెల్ ఖాళీ కోసం ఆగడం, ఇంటరప్ట్‌లు, టాస్క్ క్యూ అన్నీ అందులో కలిసిపోయి డిలే కొన్ని మిల్లీసెకన్ల మేర ఊగుతుంది. ఆ ఊపులో దాడి కనపడదు. అందుకే ఫ్రేమ్ మొదలైనట్టు చెప్పే ఎస్‌ఎఫ్‌డీ బైట్ దగ్గర హార్డ్‌వేర్ టైమర్ క్యాప్చర్‌తోనే తీయాలి. అప్పుడు డిలే దాదాపు ఒకే అంకె మీద నిలబడుతుంది.

ఒక టీమ్‌కు ఇదే పనిలో సాయం చేశాను. టేబుల్ మీద రెండు బోర్డులు పెట్టి, కొన్ని వేల రౌండ్ల డిలేలు లాగ్ చేసి గ్రాఫ్ గీస్తే ఒక కొండ కనిపించాల్సింది రెండు కనిపించాయి. మొదటిది సన్నగా, నిటారుగా. రెండోది దానికి కుడివైపు దూరంగా, చిన్నగా. రెండోదాంట్లో పడిన రౌండ్ల టైం చూస్తే అవన్నీ ఫ్లాష్‌లో డేటా రాసే వేళలతో సరిపోయాయి. టైంస్టాంప్ హార్డ్‌వేర్ క్యాప్చర్ అనే పేరే గానీ, క్యాప్చర్ రిజిస్టర్ చదవకుండా ఇంటరప్ట్‌లోకి వచ్చాక టైమర్ చదువుతున్నారు. ఫ్లాష్ రాస్తున్నప్పుడు ఇంటరప్ట్ ఆలస్యమయ్యేది. ఒక్క లైను మారిస్తే రెండో కొండ మాయమైంది. ఈ గ్రాఫ్ గీయకుండా హద్దు పెట్టకండి. రెండో కొండను కూడా కలుపుకుని హద్దు పెడితే దాడి చేసేవాడికి మనమే తలుపు తీసినట్టు.

కొండ ఒకటే మిగిలాక సగటు మీద మూడు స్టాండర్డ్ డీవియేషన్లు కలిపి హద్దు పెట్టండి, మొదటి పేపర్లు చెప్పిందీ ఇంచుమించు అదే. పూర్తి టెంపరేచర్ రేంజ్‌లో, రెండు మూడు బ్యాచ్‌ల బోర్డులతో కొలవండి.

జామ్ చేసి వదిలే దాడికి ఇంకో ప్రతికూలత ఉందని గమనించండి. ప్యాకెట్ మొత్తం రికార్డు అయితే గానీ తిరిగి వదలలేడు. 802.15.4లో బైట్‌కు 32 మైక్రోసెకన్లు. 40 బైట్ల ఫ్రేమ్, ముందు వచ్చే 6 బైట్లు కలిపితే దాదాపు 1.5 మిల్లీసెకన్లు. అంతకన్నా తక్కువ ఆలస్యం ఆ పద్ధతిలో కుదరదు. సిగ్నల్‌ను డీకోడ్ చేయకుండా ఉన్నపళంగా ఇంకోచోటికి మోసే వార్మ్‌హోల్ రకం దాడిలో ఆలస్యం ఇంకా తగ్గుతుంది. అయితే పైన చెప్పిన 20 మైక్రోసెకన్ల లెక్క దానికీ వర్తిస్తుంది, తప్పు వెసులుబాటును మించి పోదు.

ఇక్కడ ఒక చిక్కు మీకు కచ్చితంగా తగులుతుంది. ఎస్‌ఎఫ్‌డీ బయటికి వెళ్తే గానీ టీ3 ఎంతో తెలియదు, ఎంఐసీ లెక్క మాత్రం అంతకు ముందే అయిపోయి ఉంటుంది. తెలిశాక టీ3ని ప్యాకెట్‌లో దూర్చితే ఎంఐసీ తప్పుతుంది. ఎంఐసీ బయట పెడితే ఎవరైనా మార్చేస్తారు. నా సలహా, టీ3ని ఆ వెంటనే ఇంకో చిన్న ప్యాకెట్‌లో, మళ్లీ ఎంఐసీతో పంపండి. పీటీపీ అనే టైం ప్రోటోకాల్‌లో ఫాలో-అప్ సందేశం చేసే పని ఇదే. కొత్త చిప్‌లలో టైమర్‌తో నేరుగా రేడియోను స్టార్ట్ చేసే ఏర్పాటు ఉంటుంది. అది ఉంటే ఫలానా టిక్‌కు పంపుతానని ముందే టీ3 రాసుకుని, అదే టిక్‌కు పంపొచ్చు, రెండో ప్యాకెట్ ఖర్చు మిగులుతుంది. కానీ చిప్ ఎర్రాటా (తయారీదారు ఇచ్చే లోపాల జాబితా) చదివి, ఆసిలోస్కోప్‌లో చూసుకున్నాకే నమ్మండి.

ప్రశ్నలో ప్రతిసారీ కొత్త రాండమ్ నాన్స్ (ఒక్కసారే వాడే అంకె) పెట్టి, జవాబులో అదే తిరిగి రావాలని పట్టుబట్టండి. లేకపోతే పాత జవాబును కొత్త ప్రశ్నకు అంటగట్టే వీలుంటుంది. టీ2కీ టీ3కీ మధ్య ఎక్కువ సేపు ఆపకండి, ఆ కాసేపట్లో రెండు గడియారాలు వేరువేరు వేగంతో నడుస్తూనే ఉంటాయి.

ట్రాఫిక్ పెరుగుతుందని టెన్షన్ పడొద్దు. 40 నోడ్లు 10 సెకన్లకోసారి రెండేసి ప్యాకెట్లంటే సెకనుకు 8. ఒక్కోటి 1.5 మిల్లీసెకన్లు, మొత్తం 12. గాలిలో సుమారు 1.2 శాతం సమయం. ఫాలో-అప్‌తో కలిపినా 2 శాతం లోపే.

గడియారం ఎంత జరగొచ్చు?

ఇది రెండో కాపలా. మీ బోర్డు మీద 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ ±20 పీపీఎం (పది లక్షలకు 20 వంతులు) రకం అనుకుంటున్నాను, బెంగళూరు ఎస్పీ రోడ్‌లో దొరికేవీ ఎక్కువగా అవే. 20 పీపీఎం అంటే రోజుకు 1.7 సెకన్లు. రెండు నోడ్లు చెరో వైపు లాగితే 40 పీపీఎం, 10 సెకన్లలో 400 మైక్రోసెకన్లు. అంటే నిజాయతీగా నడిచే నోడ్‌కు ఒక రౌండ్‌లో 400 కన్నా ఎక్కువ దిద్దుబాటు రాదు. వచ్చిందంటే ఎవరో మధ్యలో చెయ్యి పెట్టారు, లేదా నోడ్ రీసెట్ అయింది. రెండింటిలో ఏదైనా గుడ్డిగా ఒప్పుకోకూడదు.

ఒప్పుకోకపోతే ఏం చేయాలో కూడా ముందే రాసుకోవాలి. టైనీఓఎస్ (సెన్సర్ నోడ్ల ఆపరేటింగ్ సిస్టం)తో వచ్చిన ఎఫ్‌టీఎస్‌పీ కోడ్‌లో కొన్నిసార్లు వరసగా పెద్ద తేడా కనిపిస్తే పాత టేబుల్ చెరిపేసి కొత్తవాటిని నమ్మడం మొదలవుతుంది. రీసెట్ అయిన నెట్‌వర్క్ త్వరగా కోలుకోవడానికి అది మంచిదే. కానీ మొండిగా అదే దాడి మళ్లీ మళ్లీ చేసేవాడికి లొంగిపోవడం కూడా అదే. మీరలా చేయొద్దు. తేడా వస్తే పాత డ్రిఫ్ట్ (గడియారం వేగంలో తేడా) అంచనాతోనే నడుస్తూ, ఆ సమయంలో తీసిన రీడింగులకు "టైం నమ్మదగినది కాదు" అని ఒక బిట్ పెట్టి పంపండి. డ్రిఫ్ట్ అంచనాలో తప్పు 2 పీపీఎం లోపు ఉంటే 1 మిల్లీసెకను హద్దులో 500 సెకన్లు, అంటే ఎనిమిది నిమిషాల పైన సొంతంగా నెట్టుకురాగలదు. ఆ తర్వాతా జవాబు రాకపోతే గేట్‌వేలో అలారం మోగాలి. జామింగ్‌ను ఆపే మందు ఏ ప్రోటోకాల్‌లోనూ లేదు. గడియారం తప్పు చూపకుండా, తెలియదని ఒప్పుకునేలా చేయగలమంతే.

దీంట్లో ఒక హెచ్చరిక ఉంది, చెన్నై అంబత్తూరులో ఒక షెడ్డులో చూసింది. రేకుల పైకప్పుకు ఆనించి పెట్టిన కొన్ని నోడ్లు రోజూ మధ్యాహ్నం వెనకబడేవి. సాయంత్రానికి వాటంతటవే సర్దుకునేవి. లాగ్ చూసిన కుర్రాళ్లు ఎవరో దాడి చేస్తున్నారని గట్టిగా నమ్మారు, పక్క కంపెనీ మీద అనుమానం దాకా వెళ్లింది. మే నెల, రెండు గంటల ఎండలో నిచ్చెన ఎక్కి బాక్సు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. ఈ రకం క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడుస్తుంది. అటూ ఇటూ ఎటు పోయినా నెమ్మదిస్తుంది, అదీ తేడా వర్గానికి తగ్గట్టు. డిగ్రీ వర్గానికి సుమారు 0.035 పీపీఎం వేసుకుంటే 60 డిగ్రీల దగ్గర 43 పీపీఎం. దాని ముందు డబ్బా మీద రాసిన ±20 ఏ మూలకు? షెడ్డు కింది భాగంలో నీడన ఉన్న నోడ్లకు ఈ గొడవే లేదు.

కాబట్టి 400 అన్న అంకెను అలాగే కాపీ చేయకండి. మీ షెడ్డులో అతి వేడి నోడ్, అతి చల్లని నోడ్ ఏవో చూసుకుని, వాటి తేడాను బట్టి పెట్టండి. చాలా మైక్రోకంట్రోలర్లలో టెంపరేచర్ సెన్సర్ ఉంటుంది, దాంతో క్రిస్టల్ వంపును సరిదిద్దితే హద్దు మళ్లీ బిగించుకోవచ్చు.

కీ ఒక్కటే ఉండటం

పైన చెప్పినదంతా బయటివాడి గురించి. ఫ్యాక్టరీ గోడకు స్క్రూలతో బిగించిన నోడ్‌ను విప్పి ఇంటికి పట్టుకుపోయేవాడి సంగతి వేరు. డీబగ్ పోర్ట్ తెరిచి ఉంటే అందులోంచి కీ లాగడం పెద్ద విద్య కాదు. నెట్‌వర్క్ అంతటికీ ఒకే కీ అయితే వాడే ఇప్పుడు మీ గేట్‌వే.

రీడౌట్ ప్రొటెక్షన్ (చిప్‌లో ఉన్నది బయటివాళ్లు చదవకుండా ఆపే ఏర్పాటు) ఆన్ చేయడం కనీస పని. తర్వాత ఒక్కో నోడ్‌కు ఒక్కో కీ, గేట్‌వే దగ్గర 40 కీల పట్టిక. పట్టికంతా 640 బైట్లు, అదేం భారం కాదు. నోడ్‌కు పేరెంట్ ఖరారయ్యాక ఆ జతకు కావాల్సిన కీని గేట్‌వే తయారుచేసి ఇద్దరికీ వాళ్ల వాళ్ల కీలతో పంపిస్తుంది. అప్పుడు ఒక నోడ్ పోతే దాని కింద ఉన్నవాటికే నష్టం.

ఆ నష్టం కూడా వద్దంటే? చెడిపోయిన పేరెంట్ సక్రమమైన కీతో, సక్రమమైన డిలేతో, పచ్చి అబద్ధం చెప్పగలదు. డిలే హద్దు దాన్ని పట్టుకోలేదు. దానికి మందు ఒకటికి మించిన పేరెంట్లు. ముగ్గురిని అడిగి మధ్య విలువ తీసుకుంటే ఒక అబద్ధం కొట్టుకుపోతుంది. థియరీ ప్రకారం సంతకాలు లేకుండా ఎఫ్ మంది అబద్ధాలకోరులను తట్టుకోవాలంటే మొత్తం 3ఎఫ్+1 గడియారాలు ఉండాలి. లాంపోర్ట్, మెలియార్-స్మిత్ 1985 నాటి పేపర్ ఈ లెక్కల మీదే. కానీ అది ఒకరితో ఒకరు సర్దుకునే గడియారాల సంగతి. మీకు నమ్మే మూలం గేట్‌వే ఒకటి ఉంది, దాన్నుంచి వేరువేరు దారుల్లో వచ్చిన మూడు జవాబులు మీ పనికి చాలు. ఆ మూడు దారులూ ఒకే నోడ్ మీదుగా రాకుండా చూసుకోండి, మూడు హాప్‌ల నెట్‌వర్క్‌లో ఇది తరచూ జరుగుతుంది.

నిజం చెప్పాలంటే మీ ప్రాజెక్టుకు ఈ మూడు పేరెంట్ల ఏర్పాటు రెండో వెర్షన్‌లో చేసినా పర్వాలేదు. కాంపౌండ్ లోపల, కెమెరాల కింద ఉన్న షెడ్డు మీది. అదే నోడ్లు చెరువు గట్ల మీదో, రోడ్డు స్తంభాల మీదో పెడుతుంటే మొదటి రోజే చేయమనేవాడిని.

నెట్‌వర్క్‌లో చేరే మొదటి నిమిషం

అన్ని కాపలాలూ బలహీనంగా ఉండే సమయం ఇది. కొత్త నోడ్‌కు పాత డ్రిఫ్ట్ చరిత్ర లేదు, కాబట్టి "ఇంత జరగకూడదు" అనే చెక్ పనిచేయదు. డిలే చెక్ మాత్రం మొదటి రౌండ్ నుంచే పనిచేస్తుంది, ప్రశ్న-జవాబు పద్ధతికి ఉన్న పెద్ద లాభం ఇది.

కొంతమంది ఇక్కడ టెస్లా రకం బ్రాడ్‌కాస్ట్ ఆథెంటికేషన్ వాడదామంటారు. అందులో కీని కాసేపటి తర్వాత బయటపెడతారు, ఆ కీ బయటికి రాకముందే ప్యాకెట్ చేరిందా అన్నది చూసి నమ్ముతారు. అంటే అది పనిచేయాలంటే గడియారాలు ఉజ్జాయింపుగా ముందే సింక్ అయి ఉండాలి. టైం కోసం సెక్యూరిటీ, సెక్యూరిటీ కోసం టైం. 2006లో వచ్చిన టైనీసెర్‌సింక్ దీన్ని తెలివిగా విడగొట్టింది: ముందు పక్క పక్క నోడ్లు జతకీలతో సింక్ అవుతాయి, ఆ తర్వాతే దాని ఆధారంగా మైక్రోటెస్లా నడుస్తుంది. 40 నోడ్లకు అంత యంత్రాంగం అక్కర్లేదని నా అభిప్రాయం.

రేపు టీఎస్‌సీహెచ్‌కు (టైం స్లాట్లతో, ఛానెళ్లు మారుస్తూ నడిచే 802.15.4 పద్ధతికి) మారే ఆలోచన ఉంటే ఒక మాట. అక్కడ స్లాట్ నంబర్ ఏఎస్‌ఎన్ ఎన్‌క్రిప్షన్ నాన్స్‌లో భాగం. చేరబోయే నోడ్‌ను పాత ఏఎస్‌ఎన్‌తో మోసం చేస్తే టైం తప్పడమే కాదు, అదే కీతో అదే నాన్స్ రెండోసారి వాడే ప్రమాదం వస్తుంది, సీసీఎంకు అది విషం. ఆర్‌ఎఫ్‌సీ 8180 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో బీకన్ల కోసం ఇచ్చిన డీఫాల్ట్ కీ అందరికీ తెలిసినదే, దాంతో వచ్చిన బీకన్‌ను చూసి ఏఎస్‌ఎన్ నమ్మేయకూడదు. చేరేటప్పుడు గేట్‌వేతో నాన్స్ ఉన్న ఒక ప్రశ్న-జవాబు పూర్తయ్యాకే ఏఎస్‌ఎన్‌ను ఖాయం చేసుకోవాలి.

జీపీఎస్ ఎందుకు వద్దన్నాను?

రేకుల షెడ్డు లోపల సిగ్నలే సరిగా రాదు, బ్యాటరీ తింటుంది, ఖర్చు. వీటన్నిటికీ మించి, పౌరుల వాడకానికి ఇచ్చే మామూలు జీపీఎస్ సిగ్నల్‌కు ఆథెంటికేషన్ లేదు. టెక్సాస్ యూనివర్సిటీ బృందం 2013లో ఒక పెద్ద పడవను నకిలీ సిగ్నల్‌తో దారి మళ్లించి చూపించింది. దాడి లేకుండా కూడా తప్పులు జరుగుతాయి: 2016 జనవరి 26న ఒక పాత ఉపగ్రహాన్ని తప్పిస్తున్నప్పుడు కొన్ని ఉపగ్రహాలు యూటీసీని (ప్రపంచ ప్రామాణిక సమయాన్ని) సుమారు 13 మైక్రోసెకన్ల తేడాతో ప్రసారం చేశాయి. మీకు 13 మైక్రోసెకన్లు లెక్కలోకి రాదు, టెలికాం వాళ్లకు మాత్రం అలారాలు మోగాయి. 40 చోట్ల ఆథెంటికేషన్ లేని రిసీవర్లు పెట్టడమంటే 40 కొత్త తలుపులు తెరవడమే.

గేట్‌వే టైం ఎక్కడి నుంచి తీసుకుంటుందో మాత్రం తప్పక చూసుకోండి. లోపల ఇంత కట్టుదిట్టం చేసి, గేట్‌వేలో సాదా ఎన్‌టీపీ పెడితే ఆఫీస్ వైఫైలో కూర్చున్నవాడు మొత్తం 40 నోడ్లనూ ఒకేసారి జరిపేస్తాడు. ఎన్‌టీఎస్ (ఎన్‌టీపీకి భద్రత చేర్చిన రూపం) వాడండి, 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8915గా వచ్చింది, క్రోనీ అనే టైం సాఫ్ట్‌వేర్‌లో 4.0 నుంచి సపోర్ట్ ఉంది. ఇండియాలో సర్వర్లు, లాగ్‌ల టైం ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) ఎన్‌టీపీ సర్వర్లకు ముడిపడి ఉండాలని సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ ఆదేశాల్లో ఉంది, ఆడిట్‌లో అడుగుతారు. వేరే మూలాలు వాడినా వాటి టైం వీటికి తేడా రాకూడదు. కాబట్టి ఎన్‌టీఎస్ మూలాలు కొన్ని, ఎన్‌పీఎల్ ఒకటి పెట్టి పోల్చుకునేలా సెట్ చేయండి.

గేట్‌వేకు ఆర్‌టీసీ (కరెంటు లేకున్నా నడిచే గడియారం) బ్యాటరీ ఉందో లేదో కూడా చూడండి. కరెంటు పోయి వచ్చాక గడియారం 1970లో లేస్తే ఎన్‌టీఎస్ ఆధారపడే టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ "ఇంకా మొదలవ్వలేదు" అంటుంది, ఎన్‌టీఎస్ కలవదు. దాంతో సైట్‌లో ఉన్నవాళ్లు చెక్ తీసేసి పని కానిచ్చేస్తారు, ఆ తీసేసిన చెక్ మళ్లీ ఎవరూ పెట్టరు.

మీ వైబ్రేషన్ విశ్లేషణకు నోడ్ల మధ్య తేడానే ముఖ్యం గనక గేట్‌వే నెమ్మదిగా కొద్దిగా జరిగినా కొలతలు చెడవు. అందుకని నోడ్లకు మాత్రం యూటీసీని నేరుగా పంచకండి. గేట్‌వేలో ఎప్పుడూ వెనక్కి పోని ఒక కౌంటర్‌ను పంచి, దాన్ని యూటీసీకి మార్చే పని సర్వర్ దగ్గర చేయండి. అప్పుడు ఎన్‌టీపీ వైపు ఏ గందరగోళం వచ్చినా షెడ్డు లోపలి సింక్ కదలదు.

పరీక్ష ఎలా చేయాలి?

నిజంగా జామర్ పెట్టి చూద్దామనుకోకండి. ప్రభుత్వ అనుమతి లేకుండా జామర్ వాడటం మన దేశంలో చట్టవిరుద్ధం, పైగా పీణ్యలో పక్క యూనిట్ వైఫై పోతే మీ గేటు దగ్గరికే వస్తారు. దీనికి టెస్ట్ బిల్డ్ చాలు. పేరెంట్ ఫర్మ్‌వేర్‌లో టీ2ని 0 నుంచి 5000 మైక్రోసెకన్ల దాకా రాండమ్‌గా పెంచి చూపే ఆప్షన్ పెట్టండి. బయటి నుంచి ప్యాకెట్ ఆలస్యమైతే నోడ్‌కు కనిపించేది అచ్చం ఇలాగే ఉంటుంది, ఎందుకంటే టీ2, టీ3 రెండూ అంతే జరుగుతాయి, మధ్యలో తేడా మారదు. టీ3ని కూడా అంతే పెంచి, జవాబును నిజంగానే అంత ఆలస్యంగా పంపడం మరిచిపోకండి. టీ3ని పెంచి జవాబును ఆలస్యం చేయకపోతే డిలే పెరగదు, అప్పుడు మీరు పరీక్షించేది అబద్ధాలాడే పేరెంట్‌ను అవుతుంది. అది కూడా విడిగా పరీక్షించండి.

రాత్రంతా నడిపి పొద్దున్నే రెండు అంకెలు చూడండి: పారేసిన రౌండ్లు ఎన్ని, ఒప్పుకున్న రౌండ్లలో అసలు తప్పు గరిష్ఠంగా ఎంత. రెండోది మీరు పెట్టిన వెసులుబాటు లోపే ఉండాలి. అసలు తప్పు కొలవడానికి రెండు నోడ్ల పిన్‌లను ఒకే టిక్‌కు పైకి లేపి లాజిక్ అనలైజర్‌లో చూడండి, నోడ్ తన గురించి తాను చెప్పుకునే ఆఫ్‌సెట్‌ను నమ్మొద్దు. ఆ గ్రాఫ్‌నే సెక్యూరిటీ టీమ్‌కు పంపండి. డిలేల గ్రాఫ్‌లో రెండు కొండలు వస్తే చిప్ పేరు, టైంస్టాంప్ తీసే ఫంక్షన్ ఇక్కడే పెట్టండి, చూస్తాను.